పాపయ్య పాట ఏది?

ఫోన్ ఎత్తగానే మేఘన "ఎట్లున్నవ్" అని కూడా అడగలేదు. "చిన్నమ్మా, పాపయ్య పాట ఏది?" అంది.

పక్కన ఎవరైనా వింటే ఈ పిల్లకేమైందో అనుకుంటారు గానీ, నాకా ప్రశ్న కొత్త కాదు. నేను లంగా జాకెట్టు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ మా ఇళ్లల్లో అది తెగని పంచాయితీ. మేఘన మా శ్రీను బావ కూతురు. శ్రీను బావ మా మేనత్త కొడుకు. ఆ మేనత్త, మేము అత్తమ్మ అని పిలిచే సుగుణమ్మ, ఎనభై దాటిన ఈ వయసులో మళ్లీ బొమ్మలాట ఆడతానని ఒప్పుకుంది. బర్కత్‌పురలో మేఘన చిన్న పిల్లలకు పాఠాలు చెప్పే బడిలో నానమ్మలనూ తాతలనూ పిలిచి పిల్లల ముందు ఏదో ఒకటి చేయిస్తారట. మేఘన తన నానమ్మ పేరు ఇచ్చేసింది.

"నానమ్మకు భుజం నొప్పి గదా చిన్నమ్మా. చెయ్యి ఎక్కువసేపు పైకి లేపి ఉంచలేదు. ఒక్క పాటకే ఓపిక. నానమ్మ ఒకటి పాడతానంటది, డాడీ ఇంకోటి పాడాలంటడు. ఇంట్ల ఒకటే లొల్లి. నువ్వొచ్చి తేల్చు, నీ మాటైతే ఇద్దరూ వింటరు."

ఇద్దరూ నా మాట విన్న సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. అయినా పొద్దున్నే అంబర్‌పేట నుంచి ఆటో ఎక్కాను. నారాయణగూడలో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ఆ పాటలే లోపల తిరుగుతూ ఉన్నాయి. డ్రైవర్ అద్దంలో చూసి, "ఏందమ్మా, నవ్వుకుంటున్నరు?" అన్నాడు. పాపయ్య గుర్తొచ్చాడని చెప్పాను. "మీ ఇంటాయననా?" అని అడిగాడు. కాదు బాబూ, బొమ్మ అన్నాను. ఆ తర్వాత అతనేమీ మాట్లాడలేదు.

పాపయ్య అంటే చేతికి తొడుక్కునే బొమ్మ. కాగితం గుజ్జుతో చేసిన తల, కింద జుబ్బా లాంటి గుడ్డ సంచి. చూపుడు వేలు మెడలో, బొటన వేలూ మధ్య వేలూ రెండు చేతుల్లో. అంతే మనిషి. కానీ చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ గల్లీల్లో ఆ రోజుల్లో పెరిగిన పిల్లల్లో పాపయ్య తెలియనివాళ్లు తక్కువ. మా ఇల్లు చిక్కడపల్లిలో, అత్తమ్మ వాళ్లది అశోక్ నగర్‌లో మేడ మీద కిరాయి పోర్షన్. బడి నుంచి నేను సగం రోజులు మా ఇంటికి పోయేదాన్ని కాదు, తిన్నగా అత్తమ్మ దగ్గరికే. అమ్మ కూడా వెతికేది కాదు. చీకటి పడేముందు ఎవరో ఒకరు దిగబెడతారని తెలుసు.

అత్తమ్మ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టు టీచరు. అందుకే ఆ ఇంటినిండా గుడ్డముక్కలు. మంచం కింద, బియ్యం డబ్బా మీద, తలుపు వెనక కొక్కేనికి, ఎక్కడ చేయి పెట్టినా ఒక ముక్క తగిలేది. రెండో అర్రలో ఒక మూల పెద్ద తాంబాళంలో పాత పేపర్లు నానుతూ ఉండేవి. అవి మెత్తబడ్డాక మెంతిపిండి వేసి రోట్లో రుబ్బేది. నానిన కాగితం, మెంతులు, పక్కనే పొయ్యి మీద సర్వపిండి గిన్నె అంచున మాడుతున్న నువ్వులు: ఈ మూడూ కలిసిన వాసన ఇంకెక్కడా నాకు దొరకలేదు. మెంతులు వేయించే వంటింట్లోకి ఇప్పటికీ పోతే ముందు ఆకలవుతుంది, ఆ తర్వాత ఎందుకో బొమ్మలు గుర్తొస్తాయి.

మామయ్య రాజలింగం గారు ఒక సర్కారీ దఫ్తర్‌లో గుమాస్తా. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. హార్మోనియం ఆయన ప్రాణం. పొద్దున గడ్డం గీసుకుంటూ పాటలు కట్టేవాడు. సబ్బు నురగ ఒక చెంప మీద అట్లాగే ఎండిపోయేది, మరో చెంప నున్నగా ఉండేది, ఆయన మాత్రం అద్దంలోకి చూస్తూ "తొవ్వ ఇడువుండ్రి... తొవ్వ ఇడువుండ్రి..." అని, దారి వదలమని జనాన్ని అడుగుతున్నట్టు, తాళం వేస్తూ ఉండేవాడు. అత్తమ్మ వంటింట్లోంచి, "దఫ్తర్‌కు సగం గడ్డంతోనే పోతరా ఏంది?" అని కేకేసేది.

పాపయ్య పుట్టిన సంగతి నాకు బాగా గుర్తు. అత్తమ్మ ఒక కూరగాయలమ్మే ముసలాయన బొమ్మ చేద్దామని మొదలుపెట్టింది. తల ఎండుతుండగా వాన ముసురు పట్టి గుజ్జు ఒక పక్కకు జారింది. ఒక కనుబొమ్మ పైకి పోయింది, ఇంకోటి కిందికి. నోరు "అయ్యో" అనబోయి ఆగినట్టు తెరుచుకుని ఉండిపోయింది. అత్తమ్మ దాన్ని పారేద్దామని పక్కన పెడితే, అప్పుడే వచ్చిన మామయ్య చేతిలోకి తీసుకుని చూసి పడీ పడీ నవ్వాడు.

"ఏందే సుగుణా, వీడింత పరేషాన్‌ల ఉన్నడు? ఎవరేమన్నరు పాపం?"

అట్లా పరేషాన్ పాపయ్య అయ్యాడు. అత్తమ్మ ఆకుపచ్చ గళ్ల గుడ్డతో జుబ్బా కుట్టింది. విరిగిన దువ్వెన ముక్కకు నల్లగుడ్డ చుట్టి చిన్న ఛత్రి చేసి చేతికి కట్టింది. పాపయ్య గుణం ఏమిటంటే, ప్రతిదానికీ కంగారు పడతాడు. మేఘం కనిపిస్తే ఒక కంగారు, కనిపించకపోతే మరో కంగారు. తన కంటే పక్కవాళ్ల గురించి ఎక్కువ కంగారు పడతాడు. దొంగ వస్తే దొంగ చెప్పులు తెగిపోయాయేమో అని చూస్తాడు.

వాడికి మామయ్య కట్టిన పాట ఇది. తెరగా కట్టిన దుప్పటి పైనుంచి తల కనిపించకముందే ఛత్రి కనిపించేది, హార్మోనియం ఒక్కసారి మోగేది, పిల్లలందరూ పాపయ్య కంటే ముందే అందుకునేవాళ్లు:

పరేషాన్ పాపయ్యనొస్తున్న, తొవ్వ ఇడువుండ్రి!
ఛత్రి మర్చిపోయిన, మల్లొకసారి ఉర్కిన,
ఛత్రి దొర్కినంక చూస్తే వాన బందయ్యింది!
తాళమేసి వచ్చిన, తలుపేసిన్నో లేదో!

చివరి మాట దగ్గర పాపయ్య గిర్రున వెనక్కి తిరిగి మాయమయ్యేవాడు, తలుపు చూసి రావడానికి. పిల్లలు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. ఆ పాట మా గల్లీల్లో ఎంత పాకిందంటే, ఇంట్లోంచి బయటికి పోతున్న పెద్దమనిషిని చూసి పిల్లలు "తలుపేసిన్నో లేదో!" అంటే, ఆయన నిజంగానే వెనక్కి పోయి గొళ్లెం లాగి చూసుకునేవాడు. మామయ్యకు ఇంతకన్నా ఏం కావాలి? సుల్తాన్ బజార్‌లో గుడ్డల దుకాణంలో ఎవరో పిల్లాడు ఆ పాట పాడుతుండగా విన్నానని ఎన్ని నెలలు చెప్పుకున్నాడో.

రెండో పాట అత్తమ్మది. దాన్ని ఎవరూ కూర్చుని కట్టలేదు. ఆట మధ్యలో దుప్పటి ముడి ఊడితే, సర్దుకునే దాకా పిల్లలు చెదిరిపోకుండా అత్తమ్మ పాపయ్య చేత ఏదో ఒకటి పలికించేది. అదే మెల్లగా పాటయింది. పాపయ్య అంచు మీద మోచేతులు ఆనించి, ఒక్కొక్క పిల్లవైపూ తిరిగి చిన్న గొంతుతో అడిగేవాడు.

"నువ్వున్నవా?" అంటే పిల్లలు "ఉన్న!" అనాలి.
"తిన్నవా?" అంటే "తిన్న!" అనాలి.
"మరింక నాకెందుకీ పరేషాన్?"
వాడే కొంచెం ఆలోచించి, "ఏమో... ఉండనియ్యి జర" అనేవాడు.

అంతే పాట. హార్మోనియం ఉండదు. మామయ్యకు అది నచ్చేది కాదు. "గిది పాటనా? బడిల హాజరు వట్టుడు" అనేవాడు. అత్తమ్మ సూది నోట్లో పెట్టుకుని కుడుతూనే జవాబిచ్చేది. "మీ పాట పాపయ్యను చూసి జనం పాడేది. నాది పాపయ్య పాడేది."

"పోవే. జనం ఏది అడుగుతున్నరు? నాదే గద!"

నేనూ శ్రీను బావా మామయ్య పార్టీ. కంగారు మనిషికి కంగారు పాటే సరిపోతుందని మాకు అనుమానం లేదు. చతికిలబడి "తిన్నవా ఉన్నవా" అని అడగడంలో నవ్వేముంది? ఆ వినాయక చవితి దాకా నా ఓటు మామయ్యకే.

ఆ ఏడు మా చిక్కడపల్లి గల్లీలో గణపతి పందిరి ముందు ఆట పెట్టారు. మంచం నిలువుగా నిలబెట్టి దుప్పటి కట్టారు, పైన షామియానా. గల్లీ పిల్లలందరం ముందే పోయి చాపలు ఆక్రమించాం. మా ఇంటి పక్కన అప్పుడొక మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన వాళ్లు అక్కడ పని చేస్తూ, ఇసుక కుప్ప పక్కనే రేకులు వేసుకుని ఉండేవాళ్లు. వాళ్లలో లచ్చమ్మ అనే ఆమె ఇటుకలు మోసేది. ఆమె కూతురు మణెమ్మ, అయిదారేళ్లది. ఆ రోజు చాప చివర వచ్చి కూర్చుంది. కొబ్బరి నూనె పెట్టి గట్టిగా వేసిన రెండు జడలు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆట సగంలో ఉండగా వాన దంచింది. మామూలు వాన కాదు. షామియానా కడుపు ఉబ్బి, ఒక్కసారిగా కుండలు కుమ్మరించినట్టు నీళ్లు మా మీద పడ్డాయి. ఉరుము ఒకటి నెత్తి మీదే పడిందేమో అన్నంత దగ్గరగా ఉరిమింది. ఎవరికి దొరికిన గుమ్మంలోకి వాళ్లం ఉరికాం. గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లు పారుతుంటే మాకు అదొక పండగ. వాన కొంచెం తెరిపి ఇచ్చాక లచ్చమ్మ తడిసిన చీరతో వచ్చి ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి అడిగింది. "మా పోరి ఉన్నదా అమ్మా మీ ఇంట్ల?"

ఏ ఇంట్లోనూ లేదు.

గల్లీ అటు చివర బస్సులు తిరిగే రోడ్డు, ఇటు పోతే అశోక్ నగర్ వైపు నాలా. వాన పడితే ఆ నాలా ఎట్లా పారుతుందో అందరికీ తెలుసు. మగవాళ్లు గొడుగులు పట్టుకుని నాలా వైపు పరుగెత్తారు. మణెమ్మ తండ్రి గొంతు పగిలేట్టు అరుస్తున్నాడు. "ఏయ్ మణెమ్మా! యాడ సచ్చినవే! దొరుకు, నీ కాళ్లిరగ్గొడ్త!" భయంతో అరుస్తున్నాడని పెద్దవాళ్లకు అర్థమవుతుంది. పిల్లలమైన మాకు మాత్రం కాళ్లు విరగ్గొట్టడమే వినిపించింది. గల్లీ నిండా పెద్ద పెద్ద గొంతులు, అన్నీ ఒకే పేరు. లచ్చమ్మ మా అరుగు మీద కూలబడి, ఏడవడం కూడా చేతగాక, తడి కొంగును పిండుతూ కూర్చుంది. పిండడానికి నీళ్లు లేకపోయినా పిండుతూనే ఉంది.

అత్తమ్మ అప్పటిదాకా మా వసారాలో దుప్పటి ఆరవేస్తూ ఉంది. ఆ కేకలు విని ఆగింది. "గట్ల ఒర్రితే ఏ పిల్లొస్తది?" అని, పాపయ్యను చేతికి తొడుక్కుని వానలోకి దిగింది.

మామయ్య ఛత్రి పట్టుకుని వెనక ఉరికాడు. ఛత్రి అత్తమ్మ మీద పట్టలేదు, పాపయ్య మీద పట్టాడు. "తల తడుస్తదే! కాగితం తల! కరిగిపోతడే వాడు!" అంటూ, తను నెత్తి నుంచి కాలి దాకా కారుతూ, ఆమె చెయ్యి ఎటు పోతే ఛత్రి అటు వంచుతూ నడిచాడు. వాళ్ల వెనక నేను.

అత్తమ్మ ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. కడుతున్న ఇంటి ముందు ఆగి పాపయ్య గొంతుతో, ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకున్నట్టు పాడింది.

"నువ్వున్నవా?"

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగడుగులు వేసి మళ్లీ. "నువ్వున్నవా?"

ఇసుక కుప్ప దాటాం. గోడకు ఆనించిన సెంట్రింగ్ చెక్కల దగ్గర మూడోసారి పాడింది. మామయ్య ఏదో అనబోతే ఆమె ఎడమ చేత్తో ఆయన నోరు మూసింది.

చెక్కల వెనక నుంచి, పిల్లి పిల్ల గొంతంత, "ఉన్న" అని వినిపించింది.

మామయ్య ఛత్రి వదిలేశాడు. లచ్చమ్మను పిలవడానికి నేను పరుగెత్తబోతే అత్తమ్మ కళ్లతోనే వద్దంది. ఇప్పుడు జనం మీద పడితే పిల్ల ఇంకా లోపలికి ముడుచుకుపోతుంది. ఆమె చెక్కల సందు ముందు బురదలోనే కూర్చుని పాపయ్యను లోపలికి వంచింది.

"తిన్నవా?"

అన్ని గల్లీల్లో, అన్ని ఆటల్లో, వందల మంది పిల్లలు ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఇచ్చారు. అదే పాట గనుక. మణెమ్మ మాత్రం నిజం చెప్పింది.

"తినలే."

అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాతి మాట పాటలో లేదు. పాపయ్య ఒక కనుబొమ్మ పైకీ ఒకటి కిందికీ పెట్టుకుని ఆ చీకటి సందులోకి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు అత్తమ్మ, పాపయ్య గొంతో తన గొంతో తెలియని గొంతుతో, "నేను గూడ తినలే బిడ్డ. రా, తిందాం" అంది. రెండు చిన్న చేతులు వచ్చి పాపయ్య జుబ్బా పట్టుకున్నాయి.

ఆ సాయంత్రం మా వంటింట్లో అమ్మ పప్పన్నం కలిపి పెడుతుంటే మణెమ్మ పాపయ్య పక్కనే కూర్చుని తింది. ఉరుముకు భయపడి చెక్కల వెనక దూరిందట, తండ్రి అరుపులు విని ఇక బయటికి రాలేదట. ఆ తండ్రి గుమ్మం బయటే నిలబడి, తలపాగా తీసి కళ్లు తుడుచుకుంటూ, "కొట్టనమ్మా, ఒట్టు, ఏమన్న అననమ్మా" అంటూనే ఉన్నాడు. లచ్చమ్మ వచ్చి పిల్లను ఒళ్లోకి లాక్కుని, నవ్వుతూ ఏడుస్తూ పాపయ్య బుగ్గ నిమిరింది. మామయ్య ఆరుతున్న చొక్కాతో గోడకానుకుని ఇదంతా చూస్తూ, చివరికి ఒక్క మాటన్నాడు. "సరే, హాజరు మంచిదే. కానీ ఎంట్రీకి నా పాటే."

ఆ తర్వాత అత్తమ్మ ఏ ఆటకు పోయినా ఒక డబ్బా నిండా పేలాల ముద్దలు తీసుకుపోయేది. ఎవరైనా "తినలే" అంటే, ఆట ఆగేది. అది ఆటలో భాగమయిపోయింది. పక్కిల్లు కట్టడం అయిపోయి మణెమ్మ వాళ్లు వెళ్లిపోయేదాకా ఆ పిల్ల ప్రతి ఆటకూ ముందు వరసలో కూర్చుని, తిన్నా సరే, "తినలే!" అని అరిచేది. నా ఓటు ఆ వానలోనే మారింది. శ్రీను బావది మారలేదు. మామయ్య పోయాక మరీ గట్టిపడింది.

ఆటో దిగి అశోక్ నగర్ గల్లీలోకి మళ్లితే ఇప్పుడు అన్నీ హాస్టళ్లూ, స్టడీ హాళ్లూ, జిరాక్స్ దుకాణాలూ. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు చాయ్ గ్లాసు ఒక చేత, పుస్తకం ఒక చేత పట్టుకుని గోడలకు ఆనుకుని ఉంటారు. ఒకప్పుడు ఈ గల్లీలో సాయంత్రం పాట వినిపించేది, ఇప్పుడు రాజ్యాంగంలో అధికరణాలు బట్టీ కొడుతున్న సన్నని గొణుగుడు. నాకేమీ బెంగ అనిపించలేదు. ఆ ముఖాలన్నీ పాపయ్య ముఖాలే. ఎవరైనా పోయి వీళ్లను తిన్నారా అని అడగాలనిపించింది.

అత్తమ్మ అదే మేడ మీద, ఇప్పుడు సొంతమైన పోర్షన్‌లో, కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో పాపయ్య. జుబ్బా కొత్తది కుట్టింది, మళ్లీ ఆకుపచ్చ గళ్లే. బావ ఎదురుగా కుర్చీలో, చేతులు కట్టుకుని, కేసు వాదించేవాడిలా ఉన్నాడు.

"నువ్వే చెప్పు విజ్జీ. పాపయ్య అంటే ఏ పాట? ఎవర్ని అడిగినా 'తొవ్వ ఇడువుండ్రి' అంటరా లేదా?"

"అంటరు బావా. కానీ..."

"కానీ లేదు ఏం లేదు. వాడి గుణం మొత్తం అందులనే ఉన్నది. మర్చిపోవుడు, ఉరుకుడు, పరేషాన్. రెండో దాంట్ల ఏమున్నది?"

మేఘన నా వైపు ఆశగా చూసింది. అత్తమ్మ పాపయ్య ఛత్రి దారం బిగిస్తోంది. నేను ధైర్యం తెచ్చుకుని అన్నాను. "బావా, మొదటిది వాడు ఎట్లుంటడో చెప్తది. ఎందుకట్లుంటడో చెప్పదు. నాకైతే రెండోదే."

బావ లేచి బాల్కనీలోకి పోయాడు. కాసేపటికి అక్కడి నుంచే, మా వైపు తిరగకుండా, "మంచిదే. అయితే నాన్న లేకుండనే ఆట ఆడుండ్రి" అన్నాడు.

అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లుగా మేం పాట గురించి గొడవ పడుతున్నామనుకుంటే ఆయన గొడవ వేరే. మేఘన తల దించుకుంది.

అత్తమ్మే నవ్వింది. "ఓరి పిచ్చోడా, ఇటు రా. పాపయ్య ఎవడనుకున్నవ్?"

"ఎవడేంది? బొమ్మ."

"మొకం దానంతట అదే వచ్చింది. మనిషిని మాత్రం మీ నాన్నను చూసి పెట్టిన. ఛత్రి మర్చిపోయి మల్ల మెట్లెక్కెటోడు ఎవడు? గల్లీ మొదలు దాక పోయి తాళం చూడనీకె వెనక్కొచ్చెటోడు ఎవడు? నేను మీ నాన్న చేసిందే చేసి చూపిస్తుంటే, ఆయన దాన్ని చూసి నవ్వి నవ్వి పాట కట్టిండు. తన మీద తనే కట్టుకున్నడు, తెల్వకుండ."

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నాన్నకు ఎన్నడూ తెల్వదా?"

"చెప్తే సిగ్గుపడి సర్దుకుంటడు. గప్పుడు నాకు ఆటెట్ల?" అత్తమ్మ పాపయ్యను చేతికి తొడిగి, తల కొంచెం పక్కకు వాల్చింది. ఒక్క క్షణం నిజంగా మామయ్యే అక్కడున్నట్టయింది. "ఇంక రెండోది. అది నేను కట్టిన్ననుకుంటున్నరా? రోజూ దఫ్తర్ నుంచి వచ్చెటప్పుడు, చెప్పులన్న ఇడువకముందే, కింది మెట్టు మీద నుంచే ఏమనెటోడు మీ నాన్న?"

నాకు వినిపించింది. బావకూ వినిపించిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఎన్ని సాయంత్రాలు విన్నామో! విని విని పాటగా ఎన్నడూ వినలేదు. "సుగుణా, ఉన్నరే అందరూ? తిన్నరా పోరగాళ్లు?"

"హాజరు వట్టుడు అని ఎక్కిరించెటోడు గద, ఆ హాజరు ఆయనదే" అంది అత్తమ్మ. "ఏ పాటైనా పాడుకో నాయనా. రెండింట్లనూ మీ నాన్నే. నా చెయ్యి నొస్తున్నదని చిన్నది అడుగుతున్న, అంతే."

బావ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, ఆ బొమ్మ ముఖాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నాన్న గిట్లనే నోరు తెరిచి చూసెటోడు" అని నవ్వడం మొదలుపెట్టాడు. అత్తమ్మ నవ్వింది, మేఘన నవ్వింది, నవ్వు ఆగేసరికి అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరికి మజ్జిగ పోసినా ఎవరో ఒకరు "తలుపేసిన్నో లేదో" అంటూనే ఉన్నారు.

శనివారం బడిలో రంగు రంగుల చిన్న కుర్చీలు. వెనక వరసలో మేం పెద్దవాళ్లం, ఆ చిన్న కుర్చీల్లోనే మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాం. బల్ల మీద దుప్పటి కప్పి, దాని వెనక అత్తమ్మను కూర్చోబెట్టారు. పాపయ్య లేచాడు. పిల్లలు నిశ్శబ్దంగా చూశారు. వాళ్ల ఇళ్లల్లో బొమ్మలు మాట్లాడతాయి, నడుస్తాయి, లైట్లు వెలిగిస్తాయి. వీడు గుడ్డసంచి.

"నువ్వున్నవా?" అన్నాడు పాపయ్య. అత్తమ్మ గొంతు సన్నబడింది, వణుకుతోంది.

ఎవరూ పలకలేదు. జవాబు చెప్పాలని వాళ్లకెట్లా తెలుస్తుంది? మేఘన కంగారుగా నా వైపు చూసింది. పాపయ్య ఇంకోసారి అడిగాడు. ఒక పిల్లాడు పక్కవాడితో "హూ ఈజ్ హీ?" అన్నాడు.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా బావ లేచి నిలబడి, బడి పిల్లాడిలా చెయ్యెత్తి, గట్టిగా అరిచాడు.

"ఉన్న!"

పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి, తెల్ల మీసాల ఆ పెద్దమనిషిని చూసి పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు ఎవరు? "ఉన్న! ఉన్న! ఐ ఆల్సో ఉన్న!" అని గది పైకప్పు లేచిపోయింది. "తిన్నవా?" అంటే ఒకడు లేచి, "ఇడ్లీ తిన్న, చట్నీ తినలే, కారం!" అన్నాడు. పాపయ్య ఆ చట్నీ గురించి తల పట్టుకుని ఎంత పరేషాన్ అయ్యాడంటే, ఆ పిల్లాడే భయపడి "పర్లేదు పర్లేదు, రేపు తింట" అని ఓదార్చాడు. అత్తమ్మ గొంతులో వణుకు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. చెయ్యి కిందికి జారుతుంటే బావ పోయి బల్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఆమె మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి పట్టుకున్నాడు.

పాట అయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాపయ్యకు షేక్‌హ్యాండ్ ఇచ్చి పోతున్నారు. వరస చివర రెండు పిలకల చిన్నపిల్ల ఒకతి చెయ్యి ఇవ్వకుండా నిలబడింది. పాపయ్య ముఖంలోకి, ఆ ఎగుడుదిగుడు కనుబొమ్మల్లోకి చాలాసేపు చూసి, "మరి నువ్వు తిన్నవా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో పాపయ్యను ఆ మాట ఎవరూ అడగలేదు. మామయ్య అడగలేదు, మేమెవరమూ అడగలేదు. పొద్దున నుంచి ఆట భయంతో అత్తమ్మ నిజంగానే చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. దుప్పటి వెనక ఆమె బావ వైపు చూసింది, బావ ఆమె వైపు చూశాడు. ఆ పిల్ల జవాబు కోసం ఆగలేదు. తన డబ్బా మూత తీసి, సగం కొరికిన బిస్కెట్టు తెరిచి ఉన్న పాపయ్య నోట్లో పెట్టి, అది పడిపోకుండా రెండు వేళ్లతో పట్టుకుని, "మెల్లగ నములు" అంది.